గొడ్డలి గుర్తు

లైల్ టోబిన్ మార్వాను చంపాడు. బిటర్‌రూట్ లోయలో అది అందరికీ తెలిసిన సంగతే. అక్టోబరులో, అడవి ఎండి ఉన్న రోజుల్లో, పొగగొట్టం మీద రవ్వలను ఆపే జాలీ లేకుండా పొయ్యి వెలిగించాడు. రవ్వలు ఎగిరి పైన్ చెట్ల మీద పడ్డాయి. కొండవాలంతా తగలబడింది. తప్పించుకుపోయే దారిలో పొగకు చిక్కి మార్వా చనిపోయింది. విచారణలో లైల్ ఒక్క ముక్కే చెప్పాడు. జాలీ లేదు, తప్పు నాదే.

మార్వా భర్త ఓర్విన్. అతని చెక్క ఇల్లూ బూడిదైంది. రాతి పొగగొట్టం మాత్రం నిలిచింది, నెత్తిన జాలీతో. వచ్చిన ప్రతివాడికీ ఓర్విన్ దాన్ని చూపించి, మనిషన్నవాడు ఇలా ఉంచుకోవాలి అనేవాడు.

మే నెలలో దాన్ని పడగొట్టడానికి ఓర్విన్ ఒక్కడే తాడు బిగిస్తుంటే లైల్ గడ్డపార పట్టుకుని వచ్చాడు. టోబిన్లు తరతరాలుగా దుంగలు కొట్టేవాళ్లు. దుంగలకే కాదు, తమ ప్రతి వస్తువుకూ సుత్తితో గుర్తు కొడతారు. వలయంలో గొడ్డలి. గడ్డపార మీదా అదే ఉంది.

"ఒక్కడివే లాగితే నీ మీద పడుద్ది, ఓర్విన్."

"పడనీ. నీ ఖాతాలో ఇంకోటి."

లైల్ కంచె దగ్గరికొచ్చాడు.

"జానెడు జాలీ పెట్టుకోలేనోడివి, నాకు సాయం చేస్తావా? ఆ గొడ్డలి గుర్తున్నదేదీ నా జాగాలోకి రాకూడదు."

లైల్ కంచె అవతలే ఆగిపోయాడు.

ఓర్విన్ తాడును ట్రక్కుకు కట్టి లాగాడు. రాళ్లు కూలాయి. దిగి వెళ్లి చూస్తే జాలీ రాళ్ల పక్కన పడి ఉంది. చేతిలోకి తీసుకుని బొటనవేలితో మసి తుడిచాడు.

అంచు మీద వలయం. అందులో గొడ్డలి.

తలెత్తి లైల్‌ వైపు చూశాడు.

"మీది తుప్పు తిని చిల్లులు పడింది," అన్నాడు లైల్. "మార్చడానికి వచ్చే వారం పైకెక్కుతానని నెలంతా అన్నావంట. మంటలొచ్చిన రోజు పొద్దున నువ్వు మిల్లుకెళ్లాక మార్వా వచ్చి అడిగింది. నాది విప్పి మీకు బిగించా. నాకు ఇంకోటి చేసుకునేలోపు సాయంత్రం చలేసి పొయ్యి వెలిగించా."

"విచారణలో ఎందుకు చెప్పలేదు?"

"నీకు తెలియనివ్వొద్దని మాట తీసుకుంది."

ఓర్విన్ జాలీని కంచె మీదుగా అతని చేతికిచ్చాడు. మార్వాను ఎవరు చంపారన్న మాట ఆ తర్వాత ఓర్విన్ నోట ఎన్నడూ రాలేదు.