గంజి గంజే

"మామయ్యా, స్టవ్ పక్కన పెద్ద గిన్నె పెట్టిన. ఏమైంది?"

కోడలు సింధూజ గొంతు విని కూడా వెంకటరాజం తల ఎత్తలేదు. మగ్గానికెక్కించే ముందు గల్లీ పొడవునా చాపిన నూలు పడుగుకు తీరిగ్గా కుంచెతో గంజి పూస్తున్నాడు.

"మీ అత్త వండే గంజి ఇంక ఉడుకలే బిడ్డా. లోపల తయారుగ కనవడితే తెచ్చిన. చిక్కగుండె. నీళ్లు కలిపితే పడుగంతకు వచ్చింది."

సింధూజ గడపలోనే కూలబడింది. "అది గంజి కాదు మామయ్యా. బన్నుల కోసం వండిన."

"మైదా, నీళ్లు, మంట. దాన్ని గంజే అంటరు."

"నీళ్లు కాదు, పాలు. వెన్న, చక్కెర గూడ ఏసిన. చైనా బేకరీలల్ల ముందుగాల కొంత పిండి గిట్ల వండి, పచ్చిపిండిల కలిపి పిసుకుతరు. అట్లైతేనే బన్ను మెత్తగొస్తది."

"చైనాల అయినా, చౌరస్తాల అయినా గంజి గంజే. మీ అత్త వండింది నువ్వు తీస్కో. సరిపాయె."

ఆయనకు సరిపోయింది గానీ ఆమెకు సరిపోలేదు. ఇంట్లో సగం జాగా తినేస్తోందని కోడలి ఓవెన్ మీద వెంకటరాజానికి మొదటి నుంచీ గుర్రు. ఇప్పటికి రెండుసార్లు బన్నులు గట్టిపడ్డాయి. ఈసారి కూడా మెత్తగా రాకపోతే ఓవెన్ అటకెక్కాల్సిందేనని పొద్దున్నే తీర్పు చెప్పేశాడు. బన్నులు చేసి అమ్మాలన్న సింధూజ ఆశంతా ఆ గిన్నెలోనే ఉండింది.

పాలు అయిపోయాయి. ఓపికా అయిపోయింది. "సరే, ఆ గంజితోనే చేస్త. మొదటి బన్ను మీరే తినాలె" అని పంతానికి పోయింది. అత్త గంజి పోసి పిండి పిసికింది. తాళ్లలా సాగదీసి, చికెన్ సాసేజీల చుట్టూ చుట్టి, పైన గుడ్డు సొన రాసి ఓవెన్లో పెట్టింది.

బన్నులు ఎర్రగా, నిగనిగలాడుతూ వచ్చాయి. అత్త శారదమ్మ రెండు చేతులతో తుంచబోయింది. తెగలేదు. వెంకటరాజం కొరికి దవడ పట్టుకున్నాడు. లోపలి సాసేజీని మాత్రం లాగి తిన్నాడు.

"మీ గంజి వల్లే మామయ్యా."

"గంజిది తప్పు గాదు, చేతిది తప్పు. అశోకా, ఓవెన్ అటకెక్కియ్."

అశోక్‌కుమార్ తండ్రిని చూశాడు, భార్యను చూశాడు, చివరికి స్టూలు తెచ్చుకున్నాడు. ఓవెన్ పైకి వెళ్తుంటే సింధూజకు ఏడుపొచ్చింది. ఆమె దాచుకోలేదు కూడా.

"అన్నా, జర బయటికి రా" అని గల్లీలోంచి మేకల కురుమయ్య పిలిచాడు.

మేకలన్నీ పడుగుకు రెండు పక్కలా బారులు తీరి, కళ్లు మూసుకుని నూలు నాకుతున్నాయి. కురుమయ్య ఒకదాన్ని చెవి పట్టి గుంజితే ఇంకోటి వచ్చి దాని జాగాలో నిలబడుతోంది.

"రోజూ గీ గల్లీల నుంచే తోల్కపోత. ఎన్నడన్న నీ పడుగుకు మూతి పెట్టినయా? ఇయ్యాల ఏం పూసినవే?"

వెంకటరాజం నూలు మీద వేలు రాసి నోట్లో పెట్టుకున్నాడు. మళ్లీ రాశాడు.

"అశోకా, ఓవెన్ దించురా" అన్నాడు లోపలికి వినపడేలా.

తర్వాత కురుమయ్య దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"నీ మేకలను గా కొసకు తోలు. గీ కొస నాది."