చీపురుకు ముందు

“కొంచెం కుడికి తిరగండి బాబాయిగారూ. ఎడమ చెవి దాక్కుంటోంది.”

“దాక్కోలేదమ్మా. పుట్టుకతోనే మడత.”

స్టూడియో అక్క కెమెరా దించి చూసింది. పెద్దాయన ఎడమ చెవి కొస నిజంగానే లోపలికి మడతపడి ఉంది.

“పాస్‌పోర్టు ఫొటోకి రెండు చెవులూ కనబడాలి. ఉన్నంత చూపిద్దాం లెండి. నవ్వకండి.”

“నవ్వించేదీ నువ్వే, వద్దనేదీ నువ్వే!”

ఫొటో తీయడం అయింది. కంప్యూటర్ మాత్రం తెర మీద తెరిచిన కిటికీ దగ్గరే ఆలోచిస్తూ కూర్చుంది.

అక్క ప్రాణమంతా బల్ల మీదున్న పాత నెగెటివ్ మీదే ఉంది. పొద్దున్నే ఎదురు ఆసుపత్రి నర్సు ఇచ్చి వెళ్లింది. అందులో నర్సు తల్లి, ఆమె చంకలో ఏడాది పిల్ల. ఆ పిల్లే ఈ నర్సు.

“మా అమ్మకి కళ్ల ఆపరేషన్ అయిందక్కా. సాయంత్రం కట్టు విప్పుతారు. విప్పగానే మొదట ఇదే చూడాలి. పెద్దది చేసివ్వవూ?” అని బతిమాలింది.

నెగెటివ్‌ని స్కాన్ చేసే యంత్రం ఆ చుట్టుపక్కల అక్క దగ్గర తప్ప ఎక్కడా లేదు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. యంత్రం మాత్రం మొండిగా పనిచేస్తోంది.

“ఈ మొద్దుని ఊడిస్తే గాని కదలదు,” అంటూ అక్క, కంప్యూటర్లో చెత్త ఊడ్చే ప్రోగ్రాం తెరవడానికి తెర మీది చీపురు బొమ్మ నొక్కింది.

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. “దీన్ని ఇంకా వాడుతున్నారా!”

“రోజూ కొట్టు ఊడ్చాక దీన్నీ ఊడుస్తాను. రిజిస్ట్రీలో వేల తప్పులున్నాయంటుంది. అన్నీ తీసేస్తుంది.”

“నిన్న తీసేసింది కదమ్మా. ఇవాళ మళ్లీ వేలెక్కడివి?”

“ఏమో బాబాయిగారూ. ఊడిస్తే మనసుకి హాయిగా ఉంటుంది.”

“నీ మనసుకి సరే. దీని వేగం పెరిగిందా?”

“పెరిగినట్టే ఉంటుంది.”

ఆయన నిట్టూర్చాడు. “రిజిస్ట్రీ అంటే ఎవరెక్కడ ఉంటారో కంప్యూటర్ రాసుకున్న చిరునామాల పుస్తకం. అంత లావు పుస్తకంలో నాలుగు కాగితాలు చింపితే బరువేం తగ్గుతుంది? చింపిన కాగితంలో కావలసినవాళ్ల చిరునామా ఉంటే మాత్రం కొంప మునుగుతుంది.”

“తయారుచేసినవాళ్లకి ఆ మాత్రం తెలీదంటారా?”

“తెలుసనే అనుకున్నారమ్మా, అప్పట్లో.”

అక్కకు నవ్వొచ్చింది. ఫొటో కోసం వచ్చినవాళ్లు ఫొటో తీసుకుని వెళ్లకుండా లోకానికంతా సలహాలిస్తారు.

“ఫొటోలు అచ్చయ్యాయిగా, నువ్వు కత్తిరించేలోగా నన్ను ఈ కంప్యూటర్ ముందు కాసేపు కూర్చోనిస్తావా?”

పెద్దాయన మాట కాదనలేక కుర్చీ ఇచ్చింది. ఆయన తెర మీద ఏదో కిటికీ తెరిచి, రెండు మాటలు టైపు చేసి లేచాడు.

“ఇప్పుడున్నది ఉన్నట్టు దాచిపెట్టాను. తేడా వస్తే ఇదే కిటికీ తెరిచి, నేను పెట్టిన పేరు మీద నొక్కు. దీని బరువంతా నీ ఫొటోలదే. వాటిని వేరే డిస్కులోకి మార్చు, లేచి పరిగెడుతుంది.”

“అలాగే బాబాయిగారూ,” అంది అక్క, వినీ విననట్టు.

ఆయన ఫొటోలు జేబులో వేసుకుని, బస్సుకు వేళయిందంటూ వెళ్లిపోయాడు.

“పాపం, చాదస్తం,” అనుకుంది అక్క. తొందరలో ఉంది కాబట్టి ఈసారి ఎన్నడూ ముట్టని ‘లోతుగా ఊడ్చు’ నొక్కింది.

చీపురు అటూ ఇటూ ఊగింది. కంప్యూటర్ ఆరి, వెలిగింది.

‘స్కానర్ దొరకలేదు.’

“దొరకకపోవడమేమిటే, నీ పక్కనే ఉంటే!” అని అరిచింది అక్క. వైరు పీకి పెట్టింది. మళ్లీ అదే మాట. స్కానర్‌ని కంప్యూటర్‌కి పరిచయం చేసే డిస్కు కొట్టు మారినప్పుడే పోయింది.

సరిగ్గా అప్పుడే నర్సు గుమ్మంలోకి వచ్చింది. “అయిందా అక్కా? డాక్టరుగారు బయల్దేరారు.”

“అ... అయిపోతోంది. నువ్వలా కూర్చో.”

ఆ మాట అనేశాక అక్కకు పెద్దాయన గుర్తొచ్చాడు. ఆయన తెరిచిన కిటికీనే తెరిచింది. అందులో ఆయన పెట్టిన పేరు కనిపించింది.

‘చీపురుకు ముందు.’

నొక్కింది. తెర నల్లబడింది. తెలిసిన దేవుళ్లందరికీ దణ్ణాలు పెట్టుకుంది. కాసేపటికి పక్కనున్న స్కానర్ గొంతు సవరించుకుని గుర్రుమంది. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి.

నర్సు ఫొటో పట్టుకుని రోడ్డుకు అడ్డంగా పరుగు తీసింది. చీకటి పడకముందే మళ్లీ నవ్వుకుంటూ వచ్చింది.

“అమ్మ ఫొటో చూసింది, నన్ను చూసింది. ‘నా చంక దిగి ఎప్పుడు ఇంతదానివయ్యావే?’ అంది అక్కా!”

ఇద్దరూ కడుపుబ్బా నవ్వుకున్నారు.

నర్సు వెళ్లాక అక్క బస్టాపు దాకా వెళ్లి చూసింది. పెద్దాయన లేడు. పేరైనా అడగలేదే అని నొచ్చుకుంది. తిరిగొచ్చి ముందుగా ఆ చీపురును పీకి పారేయాలనుకుంది. పారేసే ముందు దాన్ని తయారుచేసినవాణ్ణి నాలుగు తిట్టాలనిపించి, ఫోను నంబరు దొరుకుతుందేమోనని, ఆ ప్రోగ్రాంలో ఇన్నేళ్లలో ఒక్కసారీ నొక్కని ‘మా గురించి’ నొక్కింది.

నంబరు లేదు. ‘నా మొదటి ప్రోగ్రాం’ అన్న మాట కింద ఒత్తయిన జుట్టుతో ఒక కుర్రాడు నవ్వుతున్నాడు.

అతని ఎడమ చెవి కొస లోపలికి మడతపడి ఉంది.