పక్క పళ్లెం

“అమ్మా, ఇంకో నల్లి బొక్క ఏసిండ్రే,” అన్నాడు సతీశ్, పెదవులు కదలకుండా.

యాదలక్ష్మి ఎటూ చూడలేదు. కొంగు సర్దుకున్నట్టు చేసి, కొడుకు పళ్లెంలోని మటన్ ఎముకను తన పళ్లెంలోకి లాగేసుకుంది. పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ వాడు తినేది మూడు ముద్దలు. ఎవరి దావత్‌కు పోయినా మిగతాదంతా పక్కన కూర్చుని తల్లి ఖాళీ చెయ్యాల్సిందే. వాడు సగానికి సగం తగ్గాడు. ఆ తగ్గిందంతా ఎటూ పోకుండా ఈమె ఒంటికి చేరింది.

ఇవాళ్టి దావత్ మాత్రం ఆషామాషీది కాదు. నార్కట్‌పల్లిలో పిల్ల తరఫు వాళ్ల ఇల్లు. మాట ఖాయం చేసుకుందామని వచ్చి బగారన్నం ముందు కూర్చున్నారు. కడుపు కోయించుకున్నవాడికి పిల్లనెలా ఇస్తామంటూ ఇంతకుముందు రెండు సంబంధాలు తప్పిపోయాయి. అందుకే ఈసారి ఆ ముచ్చటను గడప దాటనివ్వలేదామె. సతీశ్‌కే మనసొప్పడం లేదు.

“చెప్పేస్తనే అమ్మా. పెండ్లయినంక తెలిస్తే ఆ పిల్ల ముందల నా ఇజ్జత్ ఏముంటది?”

“నోరు మూసుకొని తిను,” అని కసిరి, వెంటనే నాలుక కరుచుకుంది. “తినకు. తింటున్నట్టు చెయ్యి.”

ఎదురు బంతిలో పిల్ల తండ్రి ఐలేశం కూర్చున్నాడు. తన పళ్లెం సంగతి మరిచిపోయి సతీశ్ పళ్లేన్నే చూస్తున్నాడు. ఈ మనిషికి ఇంకేం పని లేదా అనుకుంది యాదలక్ష్మి. ఇంతలో ఎవరో సతీశ్ గ్లాసులో నీళ్లు పోయబోతే ఐలేశం చెయ్యి అడ్డం పెట్టాడు.

“బాబుకు ఇప్పుడొద్దు. తిన్నంక జర సేపాగి ఇయ్యుండ్రి.”

యాదలక్ష్మి ఎత్తిన ముద్దను మళ్లీ పళ్లెంలోనే పెట్టేసింది. అచ్చం దవాఖానలో డాక్టర్ చెప్పిన మాట! ఎవరో చేరవేశారు. ఇంకెవరు, సంబంధం తెచ్చిన ఆడబిడ్డ గుర్వమ్మే అయి ఉంటుంది. పక్కనే కూర్చున్న ఆమె తొడ మీద గట్టిగా గిల్లింది.

“వదినె, నువ్వే చెప్పినవు గద?”

“నా బిడ్డ మీద ఒట్టు, నేనెందుకు జెప్త? చెయ్యి తియ్యి, కమిలిపోతాంది!”

నమ్మబుద్ధి కాలేదు. ఆ ఇంట్లో ఏదీ నమ్మబుద్ధి కాలేదు. పిల్ల ప్రవళిక వచ్చి దాల్చా వడ్డించి వంటింటి తెర వెనక్కి పోయింది. అంతే, మళ్లీ కనపడలేదు. రవిక చేతులు వదులుగా వేలాడుతున్నాయి, ఎవరిదో తొడుక్కున్నట్టు. పంపిన ఫొటో చూస్తే మెడ దాకే ఉంది. తామూ అలాంటి ఫొటోనే పంపారనుకోండి, అది వేరే సంగతి. ఇక పిల్ల తల్లి బిక్షమ్మ. మూతి తుడుచుకుంటూ తెర బయటికొస్తుంది, రెండు గరిటెలు వడ్డిస్తుంది, లోపలికి పోతుంది, మళ్లీ మూతి తుడుచుకుంటూ వస్తుంది. చుట్టాలు తినక ముందే ఈమె ఎన్నిసార్లు తింటుంది?

“పిల్లను గూడ పిలువుండ్రి, మా వాని పక్కన కూసొని తింటది,” అంది యాదలక్ష్మి, చూద్దామని.

ఐలేశం ముఖం పాలిపోయింది. “తర్వాత తింటది తియ్యి వదినె,” అని బిక్షమ్మ తొందరగా లోపలికి పోయింది.

పిల్లలో ఏదో లోపం ఉంది. గట్టిగా అడగాలని నోటిదాకా వచ్చింది. కానీ తన పళ్లెంలోనే అంత దొంగతనం పెట్టుకుని ఏ ముఖంతో అడుగుతుంది?

“అన్నం ఇడిసిపెట్టు బాబూ,” అన్నాడు ఐలేశం ఉన్నట్టుండి. “ఒక్క ముక్క మెత్తగ నములు, సాలు.”

ఆ మాటతో లేచి చెయ్యి కడుక్కున్నాడు. “చెల్లె, జర ఇటు రా. నీతోని మాట్లాడేదుంది.”

మూడో సంబంధం కూడా పోయిందనుకుంది. వెనక్కి తిరిగి చూస్తే సతీశ్ తల వంచుకుని అదే ముక్కను నములుతున్నాడు. చెప్పేస్తానన్న బిడ్డ నోరు తానే నొక్కింది. పాపమంతా తనదే. వంటింటి తెర దగ్గరికి వచ్చేసరికి ఏడుపు ఆగలేదు.

“అన్నా, తప్పు నాది. పిలగాడు చెప్తననే అన్నడు, నేనే ఆపిన. కడుపుకు ఆపరేషనయింది. తిండి తక్కువ గని వానికి ఏ రోగం లేదు, మనిషి బంగారం. నీకు ఎవ్వలు జెప్పిండ్రు?”

“ఎవ్వలు జెప్పలే. నీ చెయ్యి సూసిన,” అన్నాడు ఐలేశం. “పిలగాని పళ్లెంలకెల్లి నీ పళ్లెంలకు ఎట్ల పోతాందో సూసిన.”

సిగ్గుతో ఆమె తల దించుకుంది. ఐలేశం అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని తెర పక్కకు జరిపాడు.

లోపల పీట మీద ప్రవళిక, చిన్న గిన్నెలో ఒకే ఒక్క ముక్క పెట్టుకుని మెత్తగా, నింపాదిగా నములుతోంది. పక్కనే బిక్షమ్మ, మేనత్తలు కొసరి కొసరి కూతురికి వడ్డించి పోయిన పళ్లెం ముందేసుకుని, చెమటలు కక్కుతూ ముద్ద మీద ముద్ద మింగుతోంది.

“మా పిల్లకు గూడ గదే ఆపరేషన్,” అన్నాడు ఐలేశం, గొంతు బాగా తగ్గించి. “మా బిక్షమ్మతోని ఇగ అయితలేదు చెల్లె, పెండ్లినాడు ఇద్దరి పళ్లాలు నువ్వొక్కదానివే ఖాళీ జేస్తవా?”