గొడుగుల దొంగ

"వీడే! గొడుగుల దొంగ వీడే!"

తలుపు తీసిన యోరిస్ గుండెల మీదికి ఎదురింటి అన్సెల్మో తాత వేలు దూసుకొచ్చింది. వెనకాల వీధిలోని ముసలాళ్ళంతా మూగి ఉన్నారు. యోరిస్ ఒక భుజాన చంటివాడు, ఇంకో చేతిలో పాలసీసా.

బెల్జియం నుంచి పెళ్ళాం బిడ్డలతో వచ్చి ఈ స్పెయిన్ సముద్రపుటూళ్ళో కాపురం పెట్టి నెల కాలేదు. అప్పుడే దొంగ అనిపించుకున్నాడు పాపం.

"దొంగతనం కాదు తాతా!" అన్నాడు యోరిస్. "మా బుడ్డోడు కోడి కంటే ముందు లేస్తాడు. ఎత్తుకుని ఒడ్డుకి వెళ్తే ఇసకలో ఎండ గొడుగులు పాతి ఉన్నాయి, మనిషి జాడ లేదు. నిన్న సాయంత్రం ఎవరో మర్చిపోయారనుకున్నాను. గాలికి కొట్టుకుపోతాయని పీకి, గజఈతగాళ్ళ గది పక్కన జాగ్రత్తగా పేర్చి పెట్టాను."

"మర్చిపోయామట! విన్నారా?" అన్సెల్మో వెనక్కి తిరిగి తనవాళ్ళకి చెప్పాడు. మళ్ళీ ఇటు తిరిగి, "నీళ్ళ పక్కన ముందు వరస దొరకాలంటే చీకట్నే లేచి గొడుగు పాతాలయ్యా! ఎండెక్కాక మా ఆడాళ్ళూ మనవలూ వచ్చి కూర్చుంటారు. ఇప్పుడెళ్ళి చూడు, ఆ చోటంతా సెలవులకొచ్చిన మాద్రిద్ వాళ్ళు తువ్వాళ్ళు పరిచేశారు!"

"మరి పాతేశాక మీరంతా ఎక్కడికెళ్ళారు?"

అడగకూడనిదేం కాదు. కానీ ముసలాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అన్సెల్మో మీసానికి అంటిన తెల్లటి పొడిని దులుపుకున్నాడు.

"సవాలక్ష పనులుంటాయి! నీకెందుకు?" అని గయ్యిమని, అందరినీ వెంటేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ పగలంతా వీధి వీధంతా యోరిస్ వాళ్ళతో మాట మానేసింది. రొట్టెల కొట్టావిడ చిల్లర చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది. యోరిస్ కూతురు ఫీన్ ఎదురింటికి పరిగెత్తితే, అన్సెల్మో మనవరాలు రోసీయోని లోపలికి పిలిచి తలుపేసుకున్నారు.

"అమ్మా, రోసీయో ఎందుకు రాలేదు?" అని ఫీన్ అడుగుతూనే ఉంది.

"దానికి దొరికింది ఒక్క స్నేహితురాలు," అంది హానె, మొగుడి వంక కొరకొరా చూస్తూ. "నువ్వేం చేస్తావో నాకు తెలీదు. ఈ వీధితో రాజీ పడు. లేకపోతే మనం ఇక్కడ బతకలేం."

యోరిస్ బుర్ర గోక్కుంటూ కూర్చున్నాడు. చంటివాడు ఎలాగూ తెల్లారేదాకా పడుకోనివ్వడు. తను ఎలాగూ ఒడ్డుకి పోవాల్సిందే. మరి ఇంకేం కావాలి?

సాయంత్రం మగవాళ్ళు చెట్ల కింద డొమినో ఆడుకునే వేళ చూసుకుని, అన్సెల్మో భార్య ఫ్వెన్సాంతా దగ్గరికి వెళ్ళాడు.

"అవ్వా, తప్పయిపోయింది. మీ అందరి గొడుగులూ నాకివ్వండి. ఈ వేసవంతా నేనే పాతిపెడతాను. ఈ వయసులో తాతయ్యలు నిద్ర చెడగొట్టుకోవడమెందుకు?"

ఫ్వెన్సాంతా కళ్ళు చెమర్చాయి. "ఎంత మంచి మాటన్నావురా నాయనా! మా ఆయన మనవల కోసం చీకట్లో లేచిపోతుంటే నా ప్రాణం కొట్టుకుపోయేదనుకో. ఒక్కరోజు మానుకోమంటే వినడు. ఆదివారమైనా అంతే!" అని, తన గొడుగు ఇవ్వడమే కాదు, ఇంటింటికీ తిరిగి అందరివీ పోగేసి తెచ్చిచ్చింది.

మర్నాడు తెల్లవారేసరికి, చంటివాణ్ణి వీపున కట్టుకుని, తాడు పట్టి కొలిచినట్టు ముందు వరసంతా గొడుగులు పాతేశాడు యోరిస్. చివర్న తమది కూడా ఒకటి.

ఎండెక్కాక ఆడవాళ్ళు వచ్చి చూసి కేరింతలు కొట్టారు. ఫ్వెన్సాంతా యోరిస్ రెండు బుగ్గలూ ముద్దాడింది. హానెని పక్కన కూర్చోబెట్టుకుని, పంచదార జల్లిన నిమ్మాకు బజ్జీల గిన్నె మూత తీసింది. రొట్టెల కొట్టావిడ చంటివాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. ఫీన్, రోసీయో తడిసిన ఇసకలో గుంట తవ్వుతూ ఒకటే నవ్వులు. హానె మొగుడి వంక చూసి కన్ను గీటింది. హమ్మయ్య, ఇది మన ఊరే అనుకున్నాడు యోరిస్. ఇంత హాయిగా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్ళయిందో.

"ఇవాళ ఆయన్ని లేవనిచ్చానా!" ఫ్వెన్సాంతా గొప్పగా చెబుతోంది. "తలుపుకి తాళమేసి, మంచం మీదికే డాక్టరు తినమన్న ఉప్పులేని ఓట్సు అందించాను."

ఒక్క మగవాళ్ళే, పెళ్ళివారు భోజనానికి పిలవడం మర్చిపోయినట్టు మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. అన్సెల్మో బజ్జీ మీదికి చెయ్యి చాపితే భార్య గిన్నె పక్కకి లాగేసింది.

"హాయిగా నిద్ర పట్టిందా తాతా?" అని పలకరించాడు యోరిస్.

అన్సెల్మో అతని మోచెయ్యి పట్టుకుని మోకాటి లోతు నీళ్ళలోకి లాక్కెళ్ళాడు. వెనక్కి తిరిగి భార్య చూడటం లేదని రూఢి చేసుకున్నాడు. యోరిస్ చెవి దగ్గర నోరు పెట్టాడు.

"గొడుగు వంక పెట్టి బయటపడితేనే కదరా, హినేస్ బారులో బ్రాందీ కలిపిన కాఫీ, నూనెలో వేయించి పంచదార పొడి అద్దిన చూర్రోలూ నా నోటికందేది! నీకు పుణ్యముంటుంది నాయనా, ఇవాళ రాత్రికి ఆ గొడుగులన్నీ మళ్ళీ దొంగిలించెయ్!"