జుట్టు సంచి

గదిలోకి అడుగుపెట్టి, బల్ల వెనక కూర్చున్నదెవరో చూసేసరికి అతనికి వెనక్కి వెళ్లిపోదామనిపించింది.

మూడేళ్లు ఇద్దరిదీ ఒకే తరగతి గది. పర్యావరణానికి చేటు చేయకుండా వ్యాపారం ఎలా చేయాలన్నది అక్కడి చదువు. ఆమె కూర్చునేది మొదటి బెంచీలో. ఇప్పుడు ఆ చదువును చేతల్లో పెట్టేవాళ్లకు ఏడాదికొక షెడ్డు ఇచ్చే ఈ కేంద్రానికి ఆమే అధికారి. పన్నెండేళ్లయింది, పైగా అతనికి గడ్డం పెరిగింది. ఆమె గుర్తుపట్టినట్టు లేదు. పట్టకపోతేనే నయమనుకున్నాడు.

“మొదలుపెట్టండి,” అందామె.

అతను బేసిన్‌లో నీళ్లు పోసి, మెకానిక్ దగ్గర అడిగి తెచ్చిన పాత ఇంజనాయిల్ కలిపాడు. అందులో ఓ వల సంచి వేశాడు. దాని నిండా సెలూన్లలో ఊడ్చిపారేసిన వెంట్రుకలే. చూస్తుండగానే నీళ్ల మీది నల్లటి తెట్టంతా సంచికి పట్టేసింది.

“మెకానిక్ షెడ్ల వెనక కాలవల్లో ఇదొకటి వేస్తే చాలు మేడమ్. ఆయిల్ చెరువుదాకా పోదు.”

కాలేజీ వదిలిన దగ్గర్నుంచీ అతనికి ఇదే పని. ఇల్లంతా సంచులు, సంచుల నిండా ఊరందరి జుట్టు. అన్నంలో వెంట్రుక వస్తే అది ఎవరిదో చెప్పలేని పరిస్థితి. “ఇంట్లో ఈ జుట్టయినా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చుకోండి” అని పొద్దున్నే భార్య కుండబద్దలు కొట్టింది. షెడ్డు రాకపోతే పనికిరాని బతుకే మళ్లీ.

“ఇది విని ఎవరూ నవ్వలేదా?” అడిగిందామె.

నవ్వకేం. ఈ ఆలోచన తొలిసారి బయటికొచ్చిన రోజు తరగతంతా పగలబడి నవ్వింది. అది తలుచుకుంటే అతని చెవులు ఇప్పటికీ వేడెక్కుతాయి.

“అందరికంటే ముందు లెక్చరరే నవ్వాడు మేడమ్. ‘సెలూన్లు ఊడ్చుకోడానికా ఇంత చదువు?’ అన్నాడు. పాఠాలు చెప్పడమే గానీ చేత్తో ఒక్క పనీ చేసినవాడు కాదు.”

“ఆయన మీద కోపం లేదా?”

“సిగ్గుగా ఉంది.”

“నవ్వింది ఆయనైతే మీకెందుకండీ సిగ్గు?”

అతను తల దించుకున్నాడు. దరఖాస్తులో ‘ఆలోచన ఎవరిది’ అన్నచోట తన పేరే రాసుకున్నాడు. ఆ కాగితం ఆమె చేతిలోనే ఉంది. సిగ్గుతో చచ్చిపోయే కంటే షెడ్డు పోవడమే మేలనిపించింది.

“అక్కడ నా పేరు కొట్టేయండి మేడమ్. ఈ ఆలోచన నాది కాదు. మీది.”

ఆమె పెన్ను తీసి ఆ పేరు కొట్టేసింది. షెడ్డు తాళంచెవి బల్ల మీద పెట్టింది. తర్వాత సొరుగు లాగి, అట్ట చిరిగిన తన కాలేజీ ప్రాజెక్టు తీసి, మొదటి పేజీ అతనివైపు తిప్పింది.

ఎర్ర సిరాతో గుండ్రంగా సున్నా, దాని కింద ‘లెక్చరరు’ అన్నచోట అతని సంతకమే ఉంది.