సరిహద్దులో వేళాకోళం

మా ఆయన సేదు కులీబాలీతో హాస్యమాడడం కన్నా గోడకు సున్నం కొట్టుకోవడం మేలు. అలాంటి మనిషితో సికాసో నుంచి సరిహద్దు అవతల బోబోలో ఉన్న కూతురింటికి కారులో బయలుదేరాను. మధ్యాహ్నంలోగా వెళ్లి, ఆయన చేత మనవరాలికి పేరు పెట్టించాలి.

ఎడారి అంచునున్న మా సహేలు దేశాలు కూటమి కట్టి, కాపలా కలిసి కాస్తూ, రోడ్లు కలిసి వేసుకున్నాక పాస్‌పోర్టులు పోయాయి. ఇప్పుడు గేటే మాట్లాడుతుంది. ఇంటిపేరు అడిగి, మా వంశాలు 'అలసందల తిండిపోతులు మీరే' అంటూ తరతరాలుగా ఒకరినొకరు ఆటపట్టించుకునే వేళాకోళం మొదలుపెడుతుంది. తిరిగి ఎగతాళి చేస్తే మనవాళ్లు, కోపమొస్తే పరాయివాళ్లు.

"కులీబాలీవా? అలసందలు మేసేవాళ్లకి కారెందుకు, గాడిద చాలదూ?" అంది గేటు.

"నేను రిటైర్డు హెడ్మాస్టర్ని. మర్యాదగా మాట్లాడు."

ఎర్రదీపం వెలిగింది. వెనక లారీలు హారన్లు మోగించాయి.

"వేళాకోళంతో దేశాన్ని ఎవరైనా కాపాడతారుటే?" అని మా ఆయన నామీద విసుక్కున్నారు.

"కాపాడుతోందిగా, మీ నుంచి," అన్నాను.

ఇంతలో అమ్మాయి ఫోను. "నాన్నా, ఇమాముగారు వచ్చేశారు. మీరు రాకపోతే మా మామగారు పెట్టేస్తారట పేరు."

ఆయన అద్దం దించి గేటువైపు వంగారు.

"మా పొలంలో దొంగిలించిన అలసందలు అరక్క ఇలా దారికడ్డంగా పడుకున్నావా?"

గేటు పకపకా నవ్వి పైకి లేచింది.

కారు కొంతదూరం వెళ్లాక ఆయన గొంతు సవరించుకున్నారు.

"పొరపాటు నాదేనే, మరియం. పాస్‌పోర్టయితే దొంగది చేయించుకోవచ్చు. ఇంత మాట పడి, కోపం లేకుండా తిరిగి అనడం పరాయివాడి వల్ల కాదు."