లైన్ తాత

"ఫైర్ స్టేషన్," అంది ఆపరేటర్ ఫోనెత్తి.

"లైన్ పనిచేస్తోందా అమ్మా? నేను ఇక్కడ..." అంది ఓ ముసలి గొంతు.

"పనిచేస్తోంది!" ఠక్కున పెట్టేసింది.

నిప్పు లేకుండానే ఆమెకి ఒళ్ళు మండింది. స్టేషన్‌కి ఉన్నది ఒకే లైన్. దాన్ని పట్టుకుని ఆటలా?

"ఎవరు?" అన్నాడు పక్క సీటతను. బయటికి వెళ్ళిన బండ్లతో వైర్‌లెస్‌లో మాట్లాడేది అతనే కాబట్టి అతన్ని అందరూ వైర్‌లెస్ అనే పిలుస్తారు. ఇద్దరూ ఆ స్టేషన్‌కి ఈమధ్యే వచ్చారు.

"ఎవరో పనీపాటా లేని ముసలాయన."

మర్నాడు పొద్దున్నే అదే గొంతు, అదే ప్రశ్న. ఆ మర్నాడూ అంతే.

తెలియని మనిషిని తెలియని మనిషిగా వదిలెయ్యడం మనసుకి చేతకాదు. ఏదో ఒక కథ తొడిగితేగానీ ఊరుకోదు.

"పెళ్ళాం పోయుంటుంది," అన్నాడు వైర్‌లెస్.

"కొడుకు పట్టించుకోడు. కోడలు నోరెత్తనివ్వదు," అంది ఆమె.

"ఇంట్లో పలకరించే దిక్కులేక మనకి చేస్తున్నాడు."

"పాపం, కాస్త మతి కూడా తప్పినట్టుంది."

ఇద్దరూ కూర్చుని చిలవలు పలవలు చేర్చారు. ఆయన పుట్టుపూర్వోత్తరాలన్నీ తేల్చేసి, ఆ నంబర్‌ని ‘లైన్ తాత’ అని సేవ్ చేసేశారు. ఇంక ఆయన గురించి తెలుసుకోవాల్సింది ఏమీ మిగల్లేదు.

మొదట్లో విసుగు. తర్వాత జాలి. ఆ తర్వాత ఉత్త అలవాటు.

ఆయన నోరు విప్పకముందే "పనిచేస్తోంది తాతా" అనేసి పెట్టేసేది. అవతల ఆయన అడిగాడో లేదో వినేది కూడా కాదు. ఆమె బుర్రలో అడిగేసేవాడు కదా, అది చాలు.

ఆ రోజు పొద్దునా అలాగే అయింది. కాసేపటికి తెరమీద మళ్ళీ ‘లైన్ తాత’ అని పడింది.

"ఇవాళ రెండో డోసా?" నవ్వాడు వైర్‌లెస్.

"పనిచేస్తోంది తాతా!" పెట్టేసింది.

వెంటనే మళ్ళీ మోగింది.

"ఇందాక అడిగిన సంగతి మర్చిపోయాడు," ఆమె కూడా నవ్వింది. ఎత్తలేదు. "మోగనీ, ఆయనే ఊరుకుంటాడు."

చాలాసేపు మోగింది. తర్వాత నిజంగానే ఊరుకుంది.

ఈసారి ఇంకెవరో చేశారు.

"మేడమ్, రంగుల గోడౌన్ తగలబడిపోతోంది! పై అంతస్తులో కుట్టుమిషన్ల దగ్గర ఆడవాళ్ళున్నారు!"

"ఎక్కడినుంచి మాట్లాడుతున్నారు?" అడ్రస్ తీసుకుంది. బండ్లు పరిగెత్తాయి.

వైర్‌లెస్‌లో ఒక్కో కబురే వచ్చింది. అక్కడి వాచ్‌మన్ చాలామందిని మెట్లమీదుగా కిందికి దించాడట. మిగిలినవాళ్ళ కోసం మళ్ళీ పైకి వెళ్ళాడట. వాళ్ళూ దిగలేదు, ఆయనా దిగలేదు.

స్టేషన్ ఆఫీసర్ మసి మొహంతోనే వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"వాచ్‌మన్ మనకి ఫోన్ చేశాడట. బతికినవాళ్ళు చెప్పారు. ఆయన మాట ఎందుకు వినలేదు?"

ఆమె తెరమీద ‘లైన్ తాత’ అన్న పేరు వైపు చూసింది.

"సార్, ఆయన... రోజూ చేస్తాడు సార్. ఒంటరి మనిషి. భార్య లేదు, కొడుకు చూడడు, కాస్త మతి కూడా..."

"ఇవన్నీ నీకెవరు చెప్పారు?"

ఆమె వైర్‌లెస్ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

"ఎక్కడినుంచి మాట్లాడుతున్నారని ఒక్కరోజైనా అడిగావా?"

ఫోన్ చేసిన ప్రతివాళ్ళనీ ఆమె అడిగే మాటే అది. ఆయన్ని ఒక్కసారీ అడగలేదు. తెలిసిన మనిషేగా అనుకుంది.

కొన్నాళ్ళకి ఒక పెద్దావిడ కంట్రోల్ రూమ్ గుమ్మంలోకి వచ్చింది. ఆ వాచ్‌మన్ భార్యనని చెప్పింది.

"మీరు... ఉన్నారా?" అనేసి ఆపరేటర్ నాలుక కరుచుకుంది.

"ఉన్నాను తల్లీ. పోయింది ఆయనేగా."

ఆపరేటర్‌కి ఏడుపు ఆగలేదు. "నావల్లే పోయారండీ. నేను విని ఉంటే అంతమందీ బతికేవాళ్ళు."

పెద్దావిడ కాదనలేదు. అవుననీ అనలేదు.

"అసలు రోజూ ఎందుకు చేసేవారండీ?"

"గోడౌన్ నిండా రంగులూ థిన్నర్లూ. నిప్పంటుకున్న రోజున ఫోన్ కలవకపోతే ఎలా అని ఆయన భయం. లైన్ బాగుందని నీ నోట విన్నాకే పైన తాళం తీసేవాడు. అప్పటిదాకా ఆ కుట్టుపని ఆడపిల్లల్ని మెట్లెక్కనిచ్చేవాడు కాదు."

"ఆ మాట నాతో చెప్పొచ్చుగా?"

"నేనూ అదే అన్నాను. నువ్వెవరో చెప్పుకోరాదా, ఆ అమ్మాయి కసురుకోకుండా మాట్లాడుతుంది కదా అని. ‘అవతల ఎవరి ఇల్లు కాలుతోందో, మన సోది కోసం లైన్ ఆపకూడదే’ అనేవాడు."

ఆపరేటర్ కళ్ళు తుడుచుకుంది. "ఆఫీసర్‌గారిని కలవాలా అమ్మా? పిలవనా?"

"వద్దు తల్లీ," అంది పెద్దావిడ గదంతా చూస్తూ. "రిటైరయ్యేదాకా ఇక్కడ ఫోనెత్తింది ఆయనే కదా, నువ్వొక్కసారి లేస్తే ఆయన కుర్చీ చూసి వెళ్ళిపోతాను."